నా పేరు కట్టుకున్న పెట్టె

మసేరులో, కింగ్స్‌వే మీద ఆ కొట్టులో, రెండో అరలో
ఎర్ర అకార్డియన్ ఒకటి
నా పేరు మెడలో వేసుకుని కూర్చుంది.
న్థాతిసి, 417.
గులాబీ రంగు చీటీ, పురికొస ముడి.

నాదేనా అంటే నాదే.
ఇంటికి తెచ్చుకోవచ్చా అంటే కుదరదు.
అప్పు కాదిది, తిరగేసి తొడుక్కున్న అప్పు:
డబ్బు ముందు వెళ్ళిపోతుంది,
వస్తువు వెనకాల కుంటుకుంటూ రావాలి
నెలకి నూటయాభై మలోటీల చొప్పున.
ఇరవై నాలుగు గళ్ళు. నిండినవి తొమ్మిది.

తెట్సానే ఫ్యాక్టరీలో జీన్స్ కుడతాను.
కుడి జేబు మాత్రమే.
ఎడమది మపాలెసా కుడుతుంది.
ఏ దేశంలోనో చిల్లర గలగలలాడించే వాళ్ళ కోసం
రోజుకి ఆరువందల జేబులు.
నా గౌనుకి జేబు లేదు.
జీతం మేజోడులో పెట్టుకుని నడుస్తాను.

కొట్లో మ్మే మాఖోట్సో ముందు చేతులు చూపించమంటుంది,
బడిపిల్లని అడిగినట్టు.
గోళ్ళ సందుల్లో నీలం, సబ్బుకి లొంగని నీలం.
తడిగుడ్డ ఇస్తుంది.
ఆ తర్వాత పది నిమిషాలు, గిరాకీ లేకపోతే పదిహేను,
దాన్ని ఒళ్ళో పెట్టుకోనిస్తుంది.
"వాడకపోతే తిత్తి బిగుసుకుపోతుంది" అంటుంది,
నాతో కాదు, గోడ మీది ధరల పట్టికతో.

తెరిస్తే మొదట వచ్చేది స్వరం కాదు,
పాత పొగాకు వాసన.
ఎవరో గని మనిషిది అయ్యుంటుంది.
ఎడమవైపు మూడో బొత్తాం ఒక్కటే
నొక్కీ నొక్కీ గుంటపడింది.
ఆ ఒక్క స్వరంతో అతనికి అంత పనేమిటో
తెలుసుకోవాలని ఉంది నాకు.
రాత్రుళ్ళు మంచంపట్టె మీద నా వేళ్ళు నడుస్తాయి.
"ఏం లెక్కపెడుతున్నావే, డబ్బా?" అంటుంది అక్క.
అవునంటాను. ఆ అబద్ధం తేలిక.

జూన్‌లో ఆర్డర్లు లేవన్నారు.
వారానికి మూడు రోజులే పని.
కొండల మీద మంచు పడ్డ రాత్రి
కిరసనాయిలు సీసా అడుగంటింది.
అక్క కొడుకు రెఖోత్సో బూటు నోరు తెరిచింది.
అదీ ఒక తోలు తిత్తే,
వాడు అడుగు వేస్తే గాలి పీలుస్తుంది,
అడుగు తీస్తే వదులుతుంది.

జూలై మొదటి శనివారం వెళ్ళాను,
కట్టినదంతా వెనక్కి అడగడానికి.
పదోవంతు కోసుకుని ఇస్తారట,
చీటీ వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉంది.
దారి పొడవునా ఒకే వాక్యం వల్లెవేశాను.
చెప్పాను కూడా. గొంతు వణకలేదు.

మ్మే మాఖోట్సో సొరుగు లాగింది, నెట్టింది.
"రద్దు ఫారాలు అయిపోయాయి. వచ్చే నెల రా."
సొరుగు పూర్తిగా మూసుకోలేదు.
లోపల ఫారాల కట్ట, రబ్బరు బ్యాండు వేసి,
తెల్లగా నాకేసి చూస్తోంది.

కోపం వచ్చింది నాకు.
దయ చూపించే ముందు
మనిషిని ఒక్క మాట అడగొచ్చుగా.
బూట్ల కొట్టువాడి దగ్గర
వచ్చే నెల అనే మాట చెల్లదు.
అన్నీ నోటిదాకా వచ్చాయి.
చెయ్యి మాత్రం తడిగుడ్డ కోసం చాచాను.

ఆ రోజు గిరాకీ లేదు.
గుంటలో వేలు పెట్టాను, నొక్కలేదు.
ఊరికే తెరిచాను, మూశాను.
నా వేలికంటే ఆ గుంట వెడల్పు.

ఇంటికొచ్చి రెఖోత్సో బూటు కుట్టాను,
మిషన్ కింద రాలిన పసుపు దారంతో,
జేబుకి వేసే రెండు వరసల కుట్టు.
వాడు గదంతా తిరిగి చూసుకున్నాడు.
గాలి పోవడం లేదన్నాడు, కొంచెం నిరాశగా.